పెద్ద పండక్కి గుమ్మం సింగారం

డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం పడుతుంది. అక్కడి నుంచి ముక్కనుమ దాకా నెల రోజులూ పండగలే. మధ్యలో క్రిస్మస్ వస్తుంది, జనవరి ఒకటి వస్తుంది, ఆ వెంటనే భోగి, సంక్రాంతి, కనుమ. ఉత్తరాంధ్రలో సంక్రాంతిని మనం పెద్ద పండగ అంటాం. పండగ పెద్దదైతే ఖర్చులూ పెద్దవే. పెద్దలకు బట్టలు పెట్టుకోవాలి, పిల్లలకు కొనాలి, అరిసెలకు బియ్యం, బెల్లం, నూనె కావాలి, అత్తారింటి నుంచి వచ్చే కూతురికీ అల్లుడికీ మర్యాద చెయ్యాలి. ఇవన్నీ పోగా ఇంటి సింగారానికి మిగిలేది చాలా ఇళ్లలో కొంచెమే. ఆ కొంచెంలో ఏం కొనాలి, ఏం కొననక్కర్లేదు, ఏది మన చేత్తో చేసుకోవచ్చు అనేదే ఈ పూట నా మాట.

నా ఉద్దేశం ముందే చెప్పేస్తాను. డబ్బు తక్కువగా ఉన్నప్పుడు దాన్ని పది చవక వస్తువుల మీద చల్లెయ్యకూడదు. పొలమూ, పెరడూ, ఈ కాలమూ ఇచ్చేవాటితో గుమ్మాన్ని నింపుకుని, డబ్బు మాత్రం ఏళ్ల తరబడి ఉండే ఒక్క వస్తువు మీద పెట్టాలి. ఇంకొకటి కూడా ఉంది. చేత్తో చేసుకుందాం అనగానే ఆ పనంతా ఇంటి ఆడమనిషి నడుం మీద పడుతుంది. అలా పడితే అది తక్కువ ఖర్చు పండగ కాదు. ఆ ఖర్చు లెక్కల్లోకి రాలేదు, అంతే.

పండగ ముందు అనకాపల్లి బజారుకి వెళ్తే కొట్ల ముందు ప్లాస్టిక్ మామిడాకుల తోరణాలు, ప్లాస్టిక్ బంతిపూల దండలు, గడపకి అతికించే ముగ్గు స్టిక్కర్లు వేలాడుతూ కనిపిస్తాయి. ఒక్కొక్కటీ విడిగా చూస్తే ధర తక్కువే. కానీ మన కశింకోట నేషనల్ హైవే మీద ఉన్న ఊరు. లారీల దుమ్ము రోడ్డు వైపు ఇళ్ల మీద పడుతూనే ఉంటుంది. ప్లాస్టిక్ తోరణం ఫిబ్రవరి వచ్చేసరికి మట్టి రంగుకి వస్తుంది, ఎండాకాలంలో వెలిసిపోతుంది, దులపబోతే ఆకులు రాలతాయి. మళ్లీ డిసెంబరులో కొత్తది కొంటాం. పచ్చి మామిడాకు మూడు రోజులే ఉంటుంది, నిజమే. కానీ ఆ మూడు రోజులూ అది కొత్తగా ఉంటుంది, ఎండాక తీసి మొక్కల మొదట్లో వేసెయ్యొచ్చు.

ఇక గోడల సంగతి. డబ్బు తక్కువ ఉన్నవాళ్లకి సున్నాన్ని మించిన రంగు లేదు. మా చిన్నప్పుడు పెద్ద పండగ ముందు వెల్ల వెయ్యని ఇల్లు కనిపించేది కాదు. ఇప్పుడు రంగుల డబ్బాలు వచ్చి సున్నం వేసే చేతులు తగ్గిపోయాయి. అందుకే ఎలా వెయ్యాలో కాస్త వివరంగా చెబుతాను.

రాతి సున్నం తెచ్చి ఇనప డ్రమ్ములోనో పెద్ద మట్టి బానలోనో నీళ్లు పోసి నానెయ్యాలి. నీళ్లు తగలగానే సున్నం కుతకుతా ఉడుకుతుంది. ఆ వేడికి పల్చని ప్లాస్టిక్ బకెట్టు కరిగిపోతుంది కాబట్టి అందులో వెయ్యకండి. పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వకండి. కంట్లో చుక్క పడినా ప్రమాదమే. ఒకవేళ పడితే మంచినీళ్లతో ఆగకుండా కడుగుతూ వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఒక రాత్రంతా నాననిచ్చి, పల్చటి గుడ్డలో వడగట్టి, అందులో కాస్త తుమ్మ జిగురు, గుప్పెడు ఉప్పు కలుపుకోవాలి. నీలిమందు చిన్న గుడ్డలో మూటకట్టి రెండు మూడు సార్లు ముంచి తీస్తే తెలుపు కళ్లకి ఇంపుగా ఉంటుంది. ఎక్కువైతే గోడ నీలంగా తేలుతుంది.

గోడకున్న పాత పెచ్చులు చీపురుతో దులిపి, నీళ్లు చల్లి తడపాలి. పొడి గోడ మీద వేస్తే సున్నం పట్టుకోదు. అసలు మెలకువ ఇక్కడే ఉంది. సున్నం తడిగా ఉన్నప్పుడు తెల్లగా కనిపించదు. గోడ మీద ఏమీ పడలేదేమో అనిపిస్తుంది. అప్పుడు కంగారుపడి చిక్కగా పట్టిస్తే నెల తిరక్కుండా పెచ్చులుగా ఊడి, ఆనుకున్నవాళ్ల వీపుకి అంటుకుంటుంది. పల్చగా ఒక పూత వేసి, ఆరనిచ్చి, అడ్డంగా ఇంకో పూత వెయ్యాలి. గాలిలో ఉండే బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుంటూ సున్నం మెల్లగా గట్టిపడి మళ్లీ రాయిలా మారుతుంది. అందుకే అది ఆరేకొద్దీ తెల్లబడుతుంది. సున్నపు గోడకి బూజు కూడా త్వరగా పట్టదు. ఒక్క జాగ్రత్త. ఇప్పటికే ఆయిల్ పెయింటు గానీ ప్లాస్టిక్ పెయింటు గానీ వేసిన గోడ మీద సున్నం నిలవదు. అలాంటి ఇంట్లో గోడలు తడిగుడ్డతో తుడిచి వదిలెయ్యండి. అరుగుకీ, గుమ్మం పక్క గోడల అడుగు భాగానికీ మాత్రం ఎర్రమట్టి పట్టీ వేసి, దాని మీద తెల్లటి ముగ్గు బొట్లు పెడితే చాలు. ఇల్లంతా కొత్తగా కనిపిస్తుంది.

ఈ పనిని ఇంట్లో మగవాళ్లు చెయ్యాలి. ఇది నా అభిప్రాయం, గట్టిగానే చెబుతున్నాను. తెల్లవారుజామున లేచి వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టి, పొయ్యి మీద పాకం పట్టి, పిల్లల్ని తయారుచేసే మనిషి చేతికే సున్నం కుంచె కూడా ఇవ్వడం న్యాయం కాదు. మన చుట్టుపక్కల ఊళ్ల నుంచి అచ్యుతాపురం బట్టల కంపెనీలకి షిఫ్టు బస్సుల్లో వెళ్లే ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వాళ్లు ఇంటికొచ్చాక మిగిలే రెండు మూడు గంటల్లో పండగంతా చెయ్యాలంటే ఎలా? సున్నం, అటక దులపడం, తోరణం కట్టడం, సీరియల్ బల్బులు తగిలించడం ఇంటి మగవాళ్లవి, పెద్ద పిల్లలవి. ఈ మాట ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు, ధనుర్మాసం మొదట్లోనే అనుకోవాలి. భోగి ముందు రోజు అనుకుంటే గొడవే తప్ప పని జరగదు.

ఈ కాలం మనకిచ్చే సింగారాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వరికంకుల కుచ్చు. గుమ్మం పైన, చూరుకింద గుత్తంగా అల్లి వేలాడదీసే ధాన్యపు కుచ్చు. కొత్త పంట ఇంటికొచ్చిందని వీధికి చెప్పే గుర్తు అది. పిచ్చుకలు వచ్చి దాని మీద వాలి, తలకిందులుగా వేలాడుతూ గింజలు ఒలుచుకు తింటాయి. సిమెంటు ఇళ్లు వచ్చాక పిచ్చుకలకి గూడు కట్టుకునే చోటే తగ్గిపోయింది. కనీసం కుచ్చు ఉన్నన్నాళ్లైనా మన గుమ్మంలో వాటికి కడుపునిండా తిండి దొరుకుతుంది.

అయితే ఈ కుచ్చుకి ఇప్పుడు ఒక చిక్కొచ్చింది. చాలా చోట్ల కోత మిషన్లు వచ్చేశాయి. మిషన్ దిగితే ధాన్యం ఒకవైపు, నలిగిన గడ్డి ఒకవైపు పడతాయి. కంకి కాడతో సహా మిగలదు. కుచ్చు అల్లడానికి పొడుగాటి కాడతో ఉన్న కంకులు కావాలి. అందుకని మీకు పొలం ఉంటే గట్టు పక్కన ఒక మూల కొడవలితో కోసి ఉంచండి. పొలం లేకపోతే తెలిసిన రైతుని కోతకి ముందే అడగండి. రెండు పిడికిళ్ల కంకులకి ఎవరూ కాదనరు. కోత అయిపోయాక అడిగితే మాత్రం ఆయన చేతిలోనూ ఏమీ ఉండదు.

కంకులు బాగా పండి, కాడ ఇంకా కాస్త పచ్చిగా ఉన్నప్పుడు అల్లాలి. ఎండిపోయిన కాడ మడిస్తే విరుగుతుంది. ఎండిపోతే కాడల మీద నీళ్లు చిలకరించి తడిగోనె చుట్టి ఒక పూట ఉంచితే మెత్తబడతాయి. మూడేసి కంకులు తీసుకుని, కాడలు ఒక పురికొస చుట్టూ మడిచి, తర్వాతి మూడింటి కాడలతో బిగిస్తూ వరసగా అల్లుకుపోవాలి. కంకులన్నీ ఒకే వైపుకి వేలాడాలి. జానెడు వరస అయ్యాక దాన్ని గుండ్రంగా చుట్టి కట్టేస్తే ఒక అంతస్తు. దాని కింద ఇంకో అంతస్తు. మొదటిసారి చేసేవాళ్లకి వదులుగా వస్తుంది, పర్వాలేదు. ఊళ్లో పెద్దవయసు రైతులు చాలామందికి ఈ అల్లిక చేతుల్లో ఉంది. ఒక సాయంత్రం వాళ్ల పక్కన పిల్లల్ని కూర్చోబెట్టండి. వాన పడని చోట, పిల్లికి అందని ఎత్తులో కట్టాలి. పిచ్చుక తింటుంటే పిల్లి కాపు కాస్తుంది మరి.

తోరణం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, అందరికీ తెలిసిందే. ఆకుని సగానికి మడిచి పురికొస మీదుగా వేసి కొబ్బరి ఈనె ముక్క గుచ్చితే సరిపోతుంది. స్టేప్లర్ పిన్నులు వద్దు, రాలిపడి పశువు నోట్లోకి పోతాయి. మామిడాకుల మధ్య మధ్య బంతిపూలు గుచ్చితే పూలు సగమే పడతాయి. పాత పట్టుచీర చిరిగిపోతే దాని జరీ అంచు కత్తిరించి గుమ్మానికి పట్టీగా కుట్టుకోవచ్చు. అది మడత పెట్టి దాచుకుంటే ఏళ్ల తరబడి వస్తుంది.

మన ప్రాంతం ఇచ్చే ఇంకో అలంకరణ చెరకు. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశమంతా ఎరిగినది. చెరకు మీద పరిశోధన చేసే కేంద్రం అనకాపల్లిలో 1913లోనే పెట్టారు. అంత చెరకు పండే చోట ఉండి గుమ్మానికి ప్లాస్టిక్ అరటిచెట్టు కట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది. గుమ్మానికి అటొకటి ఇటొకటి రెండు చెరకు గడలు, పై ఆకుతో సహా నిలబెట్టి, ఆ ఆకుల్ని మధ్యలో వంచి ముడేస్తే ద్వారం సిద్ధం. కోసిన గడ ఆకు రెండు రోజులకే వాడుతుంది కాబట్టి భోగి ముందు సాయంత్రమే కట్టండి. కనుమ మర్నాడు గడలు పిల్లలకి, ఆకు పశువులకి.

ముగ్గు దగ్గరకొస్తే, సిమెంటు వాకిలి మీద తెల్లముగ్గు కనిపించడం లేదని చాలామంది రంగుల పొట్లాలు కొనేస్తున్నారు. ముందు ఎర్రమట్టి నీళ్లు పల్చగా చల్లి ఆరనివ్వండి. ఆ మట్టిరంగు మీద తెల్లటి గీత ఎంత బాగా కనిపిస్తుందో, ఒకసారి వేసి చూడండి. రంగులే కావాలంటే వంటింట్లోనే ఉన్నాయి. పసుపు ఉంది. పసుపులో సున్నం నీళ్లు చిలకరించి కలిపితే ఎరుపు తేలుతుంది, పాదాలకి రాసుకునే పారాణి అదే. దాన్ని నీడలో ఆరబెట్టుకోవాలి, ఎండకి పసుపు రంగు పోతుంది. బొగ్గు నూరితే నలుపు, ఎండిన మునగాకు పొడి చేస్తే ఆకుపచ్చ. పండగ నాడు వాకిలి ముగ్గులో సగం బియ్యప్పిండి కలపండి, చీమలూ పిట్టలూ తింటాయి. గొబ్బెమ్మల మీద పెట్టే గుమ్మడి పువ్వు కోసం ఆగస్టులోనే పెరట్లో ఒక పాదు పెట్టుకుంటే, ఈ కాలానికి పువ్వూ ఉంటుంది, కాయా ఉంటుంది.

పండగ చివరి రోజు వేసే రథం ముగ్గు ఉంది చూడండి, ఆ రథానికి తాడు గీసి పక్కింటి ముగ్గులో కలుపుతాం. వాళ్లు ఆ పక్కింటికి కలుపుతారు. అలా వీధంతా ఒకే తాడు. ఈ మధ్య అపార్టుమెంట్లలో ఎవరి గుమ్మం ముందు వాళ్లు స్టిక్కరు అతికించుకుని తలుపేసుకుంటున్నారు. స్టిక్కరు ముగ్గుకి తాడు గియ్యలేం. ఫ్లోరు మీద నాలుగు ఇళ్లుంటే నాలుగు ఇళ్లనీ కలిపే ముగ్గు వరండాలో వెయ్యొచ్చు, సుద్దముక్క ఉంటే చాలు.

క్రిస్మస్ చేసుకునే ఇళ్లకి డిసెంబరు మొదటి వారంలోనే చుక్క కట్టాలి. ఇప్పుడు ప్లాస్టిక్ చుక్కలు దండిగా దొరుకుతున్నాయి గానీ, వెదురు చుక్క అందం వేరు, ఖర్చూ తక్కువే. సమానమైన పొడవులో పది వెదురు బద్దలు చీల్చి నున్నగా గీసుకోవాలి. ఐదు బద్దలతో ఒక చుక్క, ఇంకో ఐదింటితో రెండోది. ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొనలూ దారంతో బిగించి కట్టాలి. లోపల బద్దలు ఒకదాన్నొకటి దాటే చోట్లు ఐదుంటాయి. ఆ ఐదు చోట్లా రెండు చుక్కల మధ్య బెత్తెడు పుల్ల నిలబెట్టి కడితే చుక్క ఉబ్బుతుంది. అప్పుడే లోపల దీపానికి చోటొస్తుంది. మైదా ఉడకబెట్టిన జిగురుతో గాలిపటాల కాగితం అతికించి, వెనకవైపు ఒక రేకు అతికించకుండా వదిలితే బల్బు పెట్టడానికి వీలవుతుంది. ఎల్‌ఈడీ బల్బే పెట్టండి. పాత రకం బల్బు వేడికి కాగితం అంటుకుంటుంది. మిగిలిన కాగితంతో జనవరిలో పిల్లలు గాలిపటం చేసుకుంటారు. క్రిస్మస్‌కి ఇంట్లో పెట్టుకునే పశువుల పాకకి ఎండుగడ్డి పక్కింటి కళ్లంలో దొరుకుతుంది. క్రిస్మస్ ఇంటికి సంక్రాంతి ఇంటి నుంచి గడ్డి వెళ్తుంది, అక్కడ మిగిలిన వెదురు బద్ద ఇక్కడ తోరణం కర్ర అవుతుంది. మన వీధుల్లో ఇది కొత్త సంగతేం కాదు.

ఇప్పుడు డబ్బు ఎక్కడ పెట్టాలో చెబుతాను. ఏటికొప్పాక బొమ్మ మీద పెట్టండి. కశింకోట నుంచి హైవే మీద తుని వైపు వెళ్తే, యలమంచిలి దాటాక వరాహ నది ఒడ్డున ఉంది ఆ ఊరు. మన అనకాపల్లి జిల్లాలోదే. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులతో ఆ కళని మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్రం శకటం మీద ఊరేగినవి ఈ బొమ్మలే. ఇంత పేరున్న వస్తువు మన పక్కనే ఉంటే, ఎక్కడి నుంచో వచ్చిన ప్లాస్టిక్ బొమ్మ మన షోకేసులో ఉంటోంది.

ఆ పనితనం దగ్గరుండి చూడాలి. అంకుడు కర్రని ఆరబెట్టి తరణి మీద తిప్పుతారు. తిరుగుతున్న కర్రకి రంగు లక్క కడ్డీ ఆనిస్తే, ఆ ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్ర మీద పరుచుకుంటుంది. ఆ మీదట మొగలి ఆకు మడిచి అదిమిపెడతారు. చూస్తుండగానే ఆ పూత అద్దంలా మెరుస్తుంది. సహజ రంగుల బొమ్మకి పసుపు, జాబరా గింజలు, నీలి లాంటివి వాడతారు కాబట్టి పసిపిల్ల నోట్లో పెట్టుకున్నా రంగు భయం ఉండదు. కొనేటప్పుడు సహజ రంగులవేనా అని అడిగి తీసుకోండి.

ఒకేసారి కొలువు మొత్తం కొనక్కర్లేదు. ఏడాదికి ఒక్క బొమ్మ. ఒక ఏడు ఎద్దులబండి, మరో ఏడు సన్నాయి మేళం, ఆ పై ఏడు పెళ్లికొడుకూ పెళ్లికూతురూ. కోస్తాలో సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి కదా. మెట్లకి చెక్క స్టాండు కొనకుండా ట్రంకు పెట్టెలు, అట్టపెట్టెలు దొంతర పెట్టి పైన ఉతికిన పంచె పరిస్తే మూడు మెట్లు వస్తాయి. కొన్న బొమ్మ పై మెట్టు మీద, పిల్లలు మట్టితోనూ కొబ్బరాకుతోనూ చేసినవి కింద మెట్ల మీద పెట్టండి. లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి బొమ్మ పక్కనే దీపం పెట్టకండి, కిటికీ ఎండలోనూ ఉంచకండి.

అద్దె గదుల్లో ఉండేవాళ్లకి ఒక మాట. ఉద్యోగం కోసం వచ్చి కశింకోటలోనో అనకాపల్లిలోనో ఒక గది తీసుకుని ఉంటారు, గోడకి మేకు కొట్టడానికి వీల్లేదు, సున్నం వెయ్యడానికీ లేదు. తలుపు గొళ్లేనికి చిన్న వరికుచ్చు ఒకటి కట్టుకోండి, గడపకి పసుపు రాసుకోండి, రెండు ప్రమిదలు పెట్టుకోండి. ఆ ఏడాది బొమ్మని బల్ల మీద పెట్టుకోండి. గది మారినప్పుడు అది మీ సంచిలో మీతోనే వస్తుంది. పండక్కి ఊరెళ్లిపోతాం కదా, ఈ గదికి ఎందుకులే అనుకునేవాళ్లు ఎక్కువ. ఏడాదిలో మూడువందల పైచిలుకు రోజులు ఉండేది ఆ గదిలోనే. దానికీ ఒక పండగ కావాలి.

పండగయ్యాక సర్దడం కూడా పనిలో భాగమే. చుక్కకి కాగితం చింపేసి వెదురు చట్రాన్ని అటక మీద పెట్టండి, వచ్చే ఏడు కొత్త కాగితం అతికిస్తే చాలు. బొమ్మల్ని పొడి నూలుగుడ్డతో తుడిచి, పాత చీర ముక్కల్లో చుట్టి, ఎలుక చేరని ట్రంకు పెట్టెలో పెట్టండి. తడిగుడ్డ వద్దు. సీరియల్ బల్బుల తీగని అట్టముక్కకి చుట్టి, ఎక్కడైనా తీగ పైతొడుగు పోయి రాగి కనిపిస్తే ఆ సెట్టు ఇక వాడకండి. వరికుచ్చుని మాత్రం తియ్యకండి. ఆఖరి గింజ అయ్యేదాకా అలాగే ఉంచండి, గడ్డి మిగిలాక దాన్నీ పిచ్చుకలు పీక్కుని గూటికి పట్టుకెళ్తాయి. బాగా పండిన నాలుగు కంకుల గింజలు ముందే విడిగా తీసి డబ్బాలో దాస్తే, జూన్‌లో పిల్లలు పెరట్లో ఒక కుండీలో నాటుకోవచ్చు.